గిర్ని బొమ్మలో చివరి రెండు రీళ్ళు

భైంసా,
12-11-1961

చి.ల.సౌ. అని రాద్దామంటే నీ మెడలో పుస్తె లేదు. కుమారి అని రాద్దామంటే నీకు ముప్పై ఒకటి నిండినాయి. అందుకని ఈసారి పైన ఏమీ పెట్టడం లేదు. హుస్నాబాద్ మగ్గాల వాడలో ఉండే మా అక్క దేవవ్వ బిడ్డ చంద్రవ్వకు, మేనమామ బుచ్చిరాములు కోపంతో రాయునది.

అక్క, అదే మీ అవ్వ, బడిపంతులుతో రాయించిన కార్డు నిన్న చేరింది. సినిమా డేరా ముందర గ్రామఫోను పెట్టి జనాన్ని పిలుస్తున్న సమయం. కార్డు చదువుతూ ఉంటే పాట అయిపోయి సూది గీరుకుంటున్నది కూడా నాకు వినపడలేదు. డేరా సేటు అంతయ్య వచ్చి "ఏం బుచ్చిరాములూ, గీ ఊరోళ్లకు గీరుడే ఇనిపిస్తవా?" అన్నాడు. నేను ఒకరి చేత మాట పడడం ఎంత అరుదో నీకు తెలుసు.

సిరిసిల్ల లింగమూర్తి వాళ్ళను నువ్వు వాకిట్లో నుంచే తిరగగొట్టినావట. మూడుసార్లు సిరిసిల్ల పోయి, వాళ్ళ చిన్నాయన చెప్పే మోకాలి నొప్పుల కథలన్నీ విని కుదిర్చిన సంబంధం అది. మనిషికి నలభై లేవు. రెండు మగ్గాలున్నాయి. కల్లు పండుగకు తప్ప ముట్టడు. భార్య పోయి ఏడాది, పిల్లలు లేరు. వాళ్ళు ఆకు వక్క, పసుపు కుంకుమ పట్టుకొని గడపలో నిలబడితే, నువ్వు మగ్గం గుంటలోంచి లేవకుండా, పోగుల నడుమ నాడె ఆడించుకుంటూ మాట్లాడినావట. "నేనాడికొస్తే మగ్గం మీద నేను గూసుంటనా, మీరు గూసుంటరా?" అని అడిగినావట. పెద్దమనుషులు నవ్వినారట. తరువాత నవ్వలేదట.

ఇది నీ బుద్ధి కాదు. డేరా హుస్నాబాద్‌లో ఉన్నప్పుడు నేనే నీకు ఫుకట్ పాస్ ఇచ్చినాను. నాలుగు రోజులు వరుసగా వచ్చి ఆ పిండిగిర్ని బొమ్మ చూసినావు. ఆపరేటర్‌ను కాబట్టి చెపుతున్నాను విను. బొమ్మ అంటే ఒక బుడ్డి వెలుగు, ఒక గుడ్డ, ఇంజను నూనె కంపు. దాన్ని చూసి ఏడ్వాలి, ముక్కు చీదుకోవాలి, ఇంటికి పోయి అంబలి తాగాలి. ఇంటికి పట్టుకపోవద్దు.

ఫిబ్రవరిలో ఎనిమిది గ్రహాలు ఒక్క రాశిలో చేరి ప్రపంచం మునుగుతుందట. ఇక్కడ పత్తి సేట్లు అప్పుడే హోమాలకు నెయ్యి వెతుకుతున్నారు. లింగమూర్తి అంతకు ముందే పెండ్లి కావాలంటున్నాడు. మనిషి మునిగేముందు కూడా ఇల్లు కట్టుకుందామనుకుంటున్నాడు చూడు. నువ్వు తప్పయిందని ఒక్క ముక్క రాస్తే మిగతాది నేను చూసుకుంటాను.

మీ అత్త ఐలవ్వను జర చూసుకో. నేను ఇల్లు విడిచి మూడు నెలలు. ఆమె రాయదు, రాయించదు.

నీ మంచి కోరి తిట్టే మామ,
బుచ్చిరాములు, ఆపరేటర్

*

హుస్నాబాద్,
20-11-1961

పైన ఏమీ పెట్టని మామకు, కోడలు చంద్రవ్వ దండాలతో రాయునది.

నువ్వు గోడలకు బొమ్మల కాగితాలు అతికించే రోజుల్లో నన్ను భుజం మీద కూర్చోబెట్టుకొని చదివించినావు. అందుకే నా అక్షరాలు ఇంత లావు. కార్డు చాలదని కవరు కొన్నాను. చివరిదాకా చదువు.

వాళ్ళను వాకిట్లో నుంచి నేను తిరగగొట్టలేదు. లోపలికి పిలిచి, చాయ పోసినాను. గుంటలోంచి లేవలేదన్నది నిజం. ఆ రోజు చేనేత సొసైటీ దుప్పటి దించాలి, ఇంకా రెండు మూరలుంది. లింగమూర్తి చిన్నాయన నా వైపు చూడలేదు. మగ్గం చుట్టూ తిరిగి దాన్ని జానలతో కొలిచినాడు. కొలిచి అవ్వతో అన్నాడు, "గిది ఇప్పి పంపుతరా, గిట్లనే బండి మీద ఏస్తరా?" పిల్ల పేరు ఏమని కూడా అడగలేదు. అప్పుడు నేను అడిగినాను, ఆ మాట. దానికి లింగమూర్తి నేల చూస్తూ జవాబు చెప్పినాడు. "మా ఇంట్ల ఆడోళ్లు గుంటల దిగరు. ఉన్న రెంటికే నూలు కండెలు సుట్టేటోళ్లు లేక పరేషానైతున్న. గందుకే అడుగుతున్నం." ఆయన అబద్ధం ఆడలేదు. ఆయనను నేను తిట్టను. నిన్ను తిడతాను.

బాపుకు కుడిచెయ్యి పడిపోయిన నాడు నేను ఆ గుంటలో దిగినాను. ఆరేండ్లయింది. మొదటి ఏడాది వాడలో నవ్వని వాళ్ళు లేరు. ఆడది దిగితే నూలు తెగుతుందన్నారు. బాపు గోడకు ఆనుకొని ఎడమచేతితో చూపిస్తే నేను నేర్చుకున్నాను. ఇప్పుడు బాపు లేడు. సొసైటీ పుస్తకంలో ఇంకా ఆయన పేరే ఉంది, గుడ్డ మాత్రం నాది.

నిజం చెపుతున్నాను మామా, డేరా మన ఊరికి వచ్చే వరకు నువ్వు ఎవరిని తెచ్చినా చేసుకునేదాన్ని. రజాకార్ల గడబిడలో మొదటి సంబంధం వాళ్ళు షోలాపురం పోయి మళ్ళీ రాలేదు. ఆ తరువాత వచ్చినవాళ్ళు బాపు మంచాన్ని చూసి పోయినారు. అయినా పెండ్లి అనేది ఎప్పుడో ఒకప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తుందనే ఉన్నాను. పెండ్లి చీర నేనే నేసుకోవాలని ఎర్ర నూలు దాచినాను.

ఆ గిర్ని పిల్లను చూసినాను. తండ్రి పోయినంక మోచేతుల దాకా పిండితో గిర్ని నడుపుతుంది. ఆమె ఇంజను తిప్పుతుంటే మగవాళ్ళు పక్కకు జరుగుతారు. పందిట్లో పుస్తె కట్టే ముందర పిల్లగాని వాళ్ళు గిర్ని తాళపుచెవి కోసం చెయ్యి చాపుతారు. ఆమె బాసింగం విప్పి పీట మీద పెట్టి, నడిచి పోయి, ఆ చీరతోనే చక్రానికి పట్టా ఎక్కిస్తుంది. చక్రం తిరుగుతుంది. శుభం అని పడుతుంది.

ఇన్నేండ్లుగా నేను చూసిన ప్రతి బొమ్మలో, విన్న ప్రతి హరికథలో శుభం అంటే పెండ్లి. పెండ్లి లేకుండా శుభం పడుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. అది కూడా ఉత్త శుభం కాదు. గుడి గంట ఊగింది, తామర పువ్వు విచ్చింది, శంఖం ఊదినారు. ఆ పిల్ల చేసింది దేవునికి కూడా సమ్మతమే అన్నట్టు. మిగతా మూడు రోజులు నేను ఆ శంఖం కోసమే వచ్చినాను. మొదటి రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేదు. నాలుగో రోజు ఎర్ర నూలు తీసి సొసైటీ దుప్పట్ల అంచుకు వేసేసినాను.

తప్పయిందని రాయను. అత్త బాగానే ఉంది, మన వాడంతటికీ ఉత్తగానే కండెలు చుట్టి పెడుతుంది. నీ గురించి అడిగితే, "ఆయన బొమ్మలు ఆయనకు" అన్నది.

చంద్రవ్వ

*

బోథ్,
3-12-1961

దేవుని శంఖం విన్న కోడలికి, ఆ శంఖం ఊదిన మామ రాయునది.

నీ కవరు భైంసా పోయి, అక్కడినుంచి డేరా వెంట బోథ్ వచ్చింది. సగం వరకు నవ్వుకుంటూ చదివినాను. తరువాత అంజన్నకు చదివి వినిపించినాను. అంజన్న, అదే గేటు దగ్గర టికెట్లు చింపేవాడు, నవ్వలేదు. "అన్నా, నువ్వు పిల్ల కొంప ముంచినవ్" అన్నాడు. అప్పుడు నాకు వచ్చిన కోపం నీ మీదనో, వాని మీదనో, నా మీదనో తేల్చుకోలేక ఒక రోజు ఆగి రాస్తున్నాను.

ఆ శంఖం దేవునిది కాదు. నాది.

బొమ్మ పద్నాలుగు రీళ్ళతో అయిపోదు. పదహారున్నాయి. హుస్నాబాద్‌లో మొదటి రోజు ఇంటర్వెల్‌లో గాలి లేచింది, గుంజలు ఊగుతున్నాయి. ఆట ఆపుదామని అంజన్న. ఆపడం ఎందుకు, మధ్యలోనే శుభం వేస్తాను, ఒక్కడు కూడా అడగడు అని నేను. కట్ట బీడీలు పందెం. నా బీడీల డబ్బాలో పాత దేవుని బొమ్మ తోక ముక్క ఒకటి పడి ఉండె, గంట, తామర, శంఖంతో సహా. పద్నాలుగో రీలు చివర దాన్ని అతికినాను. శుభం పడింది. నాలుగు వందల మంది తువ్వాలలు దులుపుకొని లేచిపోయినారు. కుర్చీ క్లాసులో కూర్చున్న వకీలు సాబు కూడా "మంచి నీతి" అనుకుంటూ పోయినాడు. అంజన్న బీడీలిచ్చినాడు. ఎవరూ అడగలేదు కదా అని మిగతా మూడు రోజులు కూడా అట్లనే ఆడించినాను.

ఇప్పుడు అసలు కథ విను. పదిహేనో రీలులో గిర్ని కాలిపోతుంది. మంట ఆర్పబోయి నీ గిర్ని పిల్ల చెయ్యి కాలుతుంది. ఊళ్ళో ఒక్కడు బిందెడు నీళ్ళు పోయడు. పదహారో రీలులో వానలో తడుస్తూ ఆ పిల్లగాని ఇంటికి పోయి, తాళపుచెవి ఆయన పాదాల దగ్గర పెట్టి ఏలుకొమ్మంటుంది. ఆయన నవ్వి పుస్తె కడతాడు. అప్పుడు శుభం. పెండ్లితోనే శుభం, ఎప్పటిలాగనే.

నేను బీడీల కోసం చేసిన చిల్లర పని పట్టుకొని నువ్వు బతుకు తేల్చుకుంటావా? మేనమామ ఉండి కూడా పిల్లకు మెడలో పుస్తె వేయించలేదని పదమూడేండ్లుగా నేను పడుతున్న మాటలు నీకు తెలుసా? కులపోళ్ళ పెండ్లికి పోతే నా విస్తరిలో అన్నం కంటే ముందు ఆ ప్రశ్న పడుతుంది. నేను ఊళ్ళు పట్టుకొని తిరిగేది సగం అందుకే.

నా మాట నమ్మకుంటే కరీంనగర్ పక్కా టాకీసులో అదే బొమ్మ నడుస్తున్నది, పోయి చూడు. అక్కను కూడా తీసుకపో. చూసి వచ్చి, బుద్ధిగా నాకు రాయి.

మామ బుచ్చిరాములు

*

హుస్నాబాద్,
14-12-1961

మామకు,

నాకు ఎనిమిదేండ్లప్పుడు ఒక మాట చెప్పినావు, గుర్తుందా? వంద కండెలు చుడితే రాట్నంలోంచి నెమలి వస్తుందన్నావు. మూడు రోజులు చుట్టినాను. వేళ్ళు కోసుకపోయినాయి. వందోది చుట్టి రాట్నం ముందర కూర్చుంటే నువ్వూ బాపూ పడి పడి నవ్వినారు. ఆ కండెలతో బాపు రెండు దుప్పట్లు నేసినాడు. నెమలి రాలేదు కాని మీ పని అయింది.

ఇది కూడా నెమలేనా? ఏది అబద్ధం, ముందు చూపించిన శంఖమా, ఇప్పుడు చెప్పే పాదాలా? నీ నోటి నుంచి వచ్చిన దేన్నీ నమ్మను. నీ చేతి నుంచి వచ్చినదాన్ని అసలే నమ్మను.

సొసైటీ దుప్పట్లు దించగానే అవ్వను, అత్తను తీసుకొని కరీంనగర్ పోతాను. నా కండ్లతో చూస్తాను. నువ్వు చెప్పింది నిజమే అయితే, అప్పుడు చేయవలసింది ఏమిటో నేను చేస్తాను. అప్పటిదాకా నాకు రాయవద్దు.

చంద్రవ్వ

*

బోథ్,
24-12-1961

తొవ్వకు వచ్చిన కోడలికి దీవెనలతో మామ రాయునది.

రాయవద్దన్నావు కాని సంతోషం ఆగక రాస్తున్నాను. నిజమైతే చేయవలసింది చేస్తాను అన్నావు. ఆ మాటను నేను మూడుసార్లు చదివినాను. నిజమే కాబట్టి, నువ్వు చేయవలసింది ఏమిటో ఇద్దరికీ తెలుసు కాబట్టి, నేను ఆలస్యం చేయలేదు. నీ ఉత్తరం అందిన రోజే లింగమూర్తికి కార్డు రాసినాను. పిల్లకు బొమ్మల పైత్యం తగిలింది, దిగిపోయింది, ఇక ఫికర్ లేదు, పుష్యం దాటి మాఘంలో మంచి రోజు చూసుకొమ్మని. ప్రపంచం మునగకపోతే అనే షరతు మీదనే అనుకో.

ఆయన జవాబు కూడా రాయించినాడు. సంబురపడినాడు. నువ్వు వస్తావన్న ధైర్యంతో మూడో మగ్గానికి గుంట తవ్విస్తున్నాడట. చూసినావా, అడుగు పెట్టకముందే నీ వల్ల ఆ ఇల్లు పెరుగుతున్నది.

నువ్వు కోపం పట్టినదానివి. నీ కోపం మీ బాపుది. ఆయన కూడా అరిచి, అరిచి, చివరికి నేను చెప్పినట్టే చేసేవాడు. ఇకనుంచి నీకు పైన చి.ల.సౌ. అని రాయవచ్చునేమో. పెన్ను పట్టుకొని చూస్తున్నాను.

నీ మామ

*

హుస్నాబాద్,
9-1-1962

బుచ్చిరాములు మామకు,

నువ్వు చెప్పింది నిజమే. నీ బతుకులో మొదటిసారి.

కరీంనగర్‌లో కుర్చీ టికెట్టు తీసుకొని చూసినాను. గిర్ని కాలింది. ఆమె చెయ్యి కాలింది. వానలో పోయి తాళపుచెవి పాదాల దగ్గర పెట్టింది. హాలంతా ఏడ్చింది. అవ్వ ముక్కు చీదిన చప్పుడుకు ముందర వరుసవాళ్ళు తిరిగి చూసినారు. నేను ఏడ్వలేదు. నాకు వచ్చిన కోపానికి కుర్చీ చెయ్యి పట్టుకొని కూర్చున్నాను.

బయటికి వచ్చి సోడా తాగుతుంటే అవ్వ ఉన్నట్టుండి అడిగింది, "అవునే, దాని చెయ్యి కాలింది గదా. కాళ్లు మొక్కేటప్పుడు మచ్చ లేదేంది?"

అక్షరం ముక్క రాని మనిషి పట్టింది మామా. నేను కూడా అదే చూసినాను. పద్నాలుగు రీళ్ళు ఆ చేతులకు పిండి ఉంది. పదిహేనులో కట్టు ఉంది. పదహారులో ఆ చేతులు పని చేసిన చేతులు కావు. గోళ్ళకు రంగు కూడా ఉంది. పడుగు అయిపోయినప్పుడు పాత పోగులకు కొత్త పోగులు అతకడం నా పని. చీకట్లో కూడా వేలు పెట్టి చెప్పగలను, ఇక్కడ అతుకుంది అని. నువ్వు బీడీల డబ్బాలోంచి తీసి అతికిన శంఖం నాలుగు రోజులు చూసినా నాకు అతుకు తెలియలేదు. నువ్వు ముట్టని ఆ బొమ్మలో మాత్రం కండ్లు మూసుకున్నా కనబడింది. పద్నాలుగు రీళ్ళు ఒక మనిషి కథ చెప్పి, చివరికి నలుగురు ఏమంటారో అని భయపడి ఇంకొకరి కథ అతికినారు. నీకు నలుగురి విస్తరిలో భయం ఉన్నట్టే.

నువ్వు ఆకతాయితనంతో చేసింది సరైన పని. బుద్ధితో చేసింది తప్పు పని. ఆ బుద్ధి పని ఏమిటో నిన్న తెలిసింది.

నిన్న సిరిసిల్ల నుంచి బండి వచ్చింది. లింగమూర్తి, ఆయన చిన్నాయన, తాళ్ళు, గడ్డపార. కొత్త గుంట తయారైందట, పెండ్లికి ముందే మగ్గం దింపుకుంటారట, నువ్వు ఒప్పుకున్నావట. నీ ఉత్తరం ఆ పొద్దుననే నా చేతికి వచ్చింది. "చేయవలసింది" అన్న నా ఒక్క మాటను నీకు కావలసినట్టు కత్తిరించి, నీకు కావలసిన తోక అతికినావు. బండి తోలించింది కూడా నువ్వే అయి ఉండాలి.

నేను గుంటలో దిగి కూర్చున్నాను. లేవలేదు. చిన్నాయన మగ్గం అచ్చుకు కట్టిన తాళ్ళు విప్పబోతే అవ్వ వచ్చి మగ్గానికీ ఆయనకూ నడుమ నిలబడింది. "నా పెనిమిటి మగ్గం గిది. నా బిడ్డ ఇప్పుమంటెనే ఇప్పుతం. నువ్వు ముట్టకు" అన్నది. కరీంనగర్‌లో వాన రీలుకు ఏడ్చిన మనిషేనా అనిపించింది.

లింగమూర్తి పరేషానై అడిగినాడు, మీ మామ మాట ఇచ్చిండు గదా అని.

నేను అన్నాను, "మాటిచ్చింది మామ. కండెలు గూడ ఆయననే సుడుతడు. బోథ్‌ల ఉన్నడు. గటు పోయి పట్టుకపోండ్రి."

బండి ఖాళీగా పోయింది.

ఇంకొక మాట. అత్త కరీంనగర్‌లో పదిహేనో రీలు మొదలుకాగానే లేచి బయటికి పోయింది. మరునాడు పొద్దున రాట్నం ఎత్తుకొని వచ్చి నా మగ్గం పక్కన వేసుకుంది. "నీకు సుడుత. కూలి ఇస్తవా?" అన్నది. ఇస్తానన్నాను. ఇరవై ఏండ్లలో ఆమె అడిగిన మొదటి కూలి అది. ఇది కూడా నీ శంఖం పనే.

చంద్రవ్వ

*

బోథ్,
11-2-1962

చంద్రవ్వకు బుచ్చిరాములు రాయునది.

ఐదో తారీఖున ప్రపంచం మునగలేదు. నాకు కొంచెం నిరాశగానే ఉంది, మునిగి ఉంటే నీకు జవాబు రాసే పని తప్పేది.

నువ్వు పంపిన మనిషి నిజంగానే వచ్చినాడు. లింగమూర్తి బస్సులు మారి, సంకలో ఖాళీ కండెల గంప పెట్టుకొని బోథ్ దిగినాడు. మొదటి ఆటకు టికెట్లు అమ్ముతున్న సమయం, డేరా ముందర రెండు వందల మంది. గంప నా కాళ్ళ ముందర బోర్లించి, అరవకుండా, చిన్నగా అన్నాడు. "నీ మాట మీద మూడో గుంట తవ్వుకున్న. రా మరి, సుట్టు."

జనం నవ్వినారు. అంజన్న నవ్వినాడు. సేటు నవ్వినాడు. నేను ఎందరినో నవ్వుల పాలు చేసినాను కాని మధ్యలో నిలబడితే ఎట్లుంటుందో నాకు తెలియదు. ఇప్పుడు బోథ్‌లో పాలు పోసే ముసలమ్మ కూడా నన్ను కండెల మామ అని పిలుస్తున్నది. బండి తోలించింది నేను కాదు. గుంట తవ్వమన్నదీ నేను కాదు. నేను అన్నది మాఘం అనే. అయినా ఆయనకు మాట ఇచ్చింది నేనే కాబట్టి నోరు మూసుకొని కండెలు ఏరి గంపలో వేసినాను. ఆ మనిషి ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. అందుకు కూడా నాకు కోపంగానే ఉంది.

మీ అత్త కూలికి చుట్టడం ఏమిటి? ఆపరేటర్ భార్య ఇంకొకరి మగ్గం కాడ కూలి చేస్తున్నదని వాడంతా అనరా? ఆమెను ఇంట్లో ఉండమని చెప్పు. నేను చెప్పినానని చెప్పు. వద్దు, నేను చెప్పినానని చెప్పకు.

ఇంకా విను. బీడీల పందెం సంగతి అంజన్న సేటు చెవిన వేసినాడు. సేటు మండిపడి, పదహారు రీళ్ళూ ఆడించకుంటే నన్ను వెళ్ళగొడతానన్నాడు. సరే అని, తోక ముక్క పీకేసి, మొత్తం బొమ్మ ఆడించినాను. పద్నాలుగో రీలు చివర చక్రం తిరిగింది. పదిహేనో రీలు ఎక్కించడానికి ఆపినాను కదా, ఆ సందులో ఆడవాళ్ళ వైపు చప్పుడైంది. పత్తి ఏరే కూలివాళ్ళు, పిల్లలను చంకన వేసుకొని లేస్తున్నారు. ఇంకా ఉంది, కూర్చోండి అని నేను మైకులో అరిచినాను. అందులో ఒక పెద్దామె, మాటలో సగం మరాఠీ, కొంగు దులుపుకుంటూ అన్నది. "చలా బాయి, అయిపాయె గదా. పొయ్యి మీద పని జేసుకోవాలె."

శంఖం లేదు. శుభం కూడా పడలేదు. అయినా లేచిపోయినారు. చివరి రెండు రీళ్ళు నేను, అంజన్న, కుర్చీ క్లాసులో నిద్రపోతున్న పట్వారీ చూసినాము. కాళ్ళు మొక్కేటప్పుడు ఆ చెయ్యి చూసినాను. మచ్చ లేదు. ఇరవైసార్లు ఆడించినాను ఆ బొమ్మ, నాకు ఎప్పుడూ కనబడలేదు. మా అక్కకు ఒక్కసారికి కనబడింది. ఇంత కోపం నాకు ఈ మధ్య దేని మీదా రాలేదు.

పనిమాట. గాలికి తెర చినిగింది. కొత్త తెర కావాలి. పద్దెనిమిది మూరల పొడుగు, పన్నెండు మూరల ఎత్తు, ముక్కలుగా నేసి కుట్టాలి. దట్టంగా ఉండాలి, వెనుక నుంచి వెలుగు కారవద్దు. ముడి అసలే ఉండవద్దు, ఒక్క ముడి ఉన్నా కథానాయిక ముక్కు మీద పుట్టుమచ్చ అయి కూర్చుంటుంది. గంపతో వచ్చిన నాడే ఈ సంగతి విని లింగమూర్తి ఆ పని తనకు ఇమ్మని సేటును అడిగినాడు. నేను నీ పేరు చెప్పినాను. నీ మీద ప్రేమతో అనుకోకు. రెండు వందల మంది ముందర గంప బోర్లించినవానికి దక్కవద్దని. చీటీ ఎవరి పేరున రాయాలి అని సేటు అడిగితే అలవాటు కొద్దీ మీ బాపు పేరు నోటిదాకా వచ్చింది. ఆగినాను. చంద్రవ్వ, నేతగత్తె, హుస్నాబాద్ అని రాయించినాను.

చేస్తావో లేదో రాయి. పైన ఏమని పిలవాలో నాకు ఇంకా తేలలేదు.

బుచ్చిరాములు

*

హుస్నాబాద్,
25-2-1962

మామకు కోడలు దండాలు.

పైన ఏమని పిలవాలో నువ్వే రాసి పంపినావు, చీటీ మీద. సేటు చీటీని సొసైటీలో చూపించినాను. గుమాస్తా రెండుసార్లు చదివి, బాపు పేరు కింద గీత గీసి, నా పేరు ఎక్కించినాడు.

తెర మొదలుపెట్టినాను. ఆరు ముక్కలు. అవ్వ పోగులు అతుకుతున్నది, అత్త కండెలు చుడుతున్నది. నువ్వు చెప్పినావని చెప్పకుండానే నీ మాట అత్తకు చెప్పినాను. ఆమె రాట్నం ఆపకుండా అన్నది, "వచ్చినప్పుడు జెప్పుమను. గంప ఖాళీగనే ఉన్నది, ఆయనకు గూడ నేర్పుత." అందుకని నువ్వు వచ్చేటప్పుడు కొంచెం ఆలోచించుకొని రా.

లింగమూర్తికి నేను ఉత్తరం రాసినాను. మూడో గుంట వృథా కావద్దు, ఆయన చెల్లెలు ఒకామె ఈ మధ్యనే అత్తగారింటి నుంచి తిరిగి వచ్చిందట, ఆమెను దింపమన్నాను. నేర్చుకుంటానంటే నెల రోజులు ఇక్కడికి పంపమన్నాను. జవాబు ఇంకా రాలేదు.

నీ మీద కోపం పోలేదు. నెమలి నాటిది కూడా పోలేదు. ఒక్క షరతు పెడుతున్నాను. గిర్ని బొమ్మ మళ్ళీ హుస్నాబాద్ వస్తే కత్తెర ముట్టకు. పదహారు రీళ్ళూ వెయ్యి. మా వాడ ఆడవాళ్ళు అన్నీ చూడాలి. ఎక్కడ లేచి పోవాలో వాళ్ళకు నువ్వు చెప్పనక్కర లేదు.

తెర కింది అంచున ఎర్ర పోగు ఒకటి కనబడుతుంది. దాచిన నూలులో ఒక కండె అడుగున మిగిలి ఉండె. బొమ్మ పడే చోటికి దిగువనే వేసినాను, నీ కథానాయికకు ఏమీ అడ్డం రాదు.

ఈ ఉత్తరానికి తోక నేనే పెడుతున్నాను. దీని వెనుక డబ్బాలో ఇంకో రీలు లేదు.

శుభం.

చంద్రవ్వ,
నేతగత్తె